దాహం వేసిన లారీ

లారీ క్యాబిన్లను వడ్రంగులు చెక్కతో కట్టే రోజులవి. ఊరి పేరు మరుపున పడింది గానీ, లారీ యజమాని పానకాలరాయుడి గొంతు ఆ బండికి క్లీనరుగా పనిచేసిన నా చెవుల్లో ఇంకా ఉంది. ఆయన పాత లారీకి కొత్తగా, ఇంజను బలం పెంచే టర్బో పెట్టించాడు. అప్పటినుంచి అది చదునులో పరుగెత్తేది, ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం డీజిలు అందక ఆయాసపడేది.

"డీజిలు నువ్వే అమ్ముకుంటున్నావు. ఇవాళ పక్కన కూర్చుని చూస్తా. బండి ఆగిందా, నీ ఉద్యోగం పోయినట్టే!" అన్నాడు డ్రైవర్ గవరయ్యతో.

సగం ఘాట్‌లోనే బండి ఆగింది. రాయుడికి దాహమేసింది. గవరయ్య బండిలో ఉన్న కొబ్బరిబోండం ఆయన కళ్లముందే కొట్టి, రోడ్డు పక్కన దొరికిన వాడిపోయిన బొప్పాయి ఆకు కాడ వేసి ఇచ్చాడు. ఆ ఘాట్‌లో స్ట్రాలెక్కడివి! మెల్లగా పీలిస్తే నీళ్లొచ్చాయి, గట్టిగా పీల్చేసరికి ఆగిపోయాయి.

"నీళ్లేవిరా?"

"నేను అమ్ముకున్నానేమో బాబూ!"

"వెటకారమా? బోండం నిండుగానే ఉంది. ఈ కాడే మెత్తబడి అతుక్కుపోతోంది!"

"టర్బో వచ్చాక మన ఇంజనుకూ దాహం పెరిగింది బాబూ. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం మాత్రం పాతదే. ముందు దాన్ని మార్చండి. అప్పటికీ ఎక్కకపోతే నన్ను మార్చుదురుగాని."

రాయుడు కాడ పారేసి, బోండం ఎత్తి గటగటా తాగాడు.

"గొట్టం ఎక్కడ దొరుకుతుందిరా?" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.