నడిమి చోటు

పెరట్లో గడ్డివాము పక్కన, ఊక పోసిన పాత గంపలో చుక్కమ్మ కోడి గుడ్లు పొదుగుతోంది. పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. గుడ్డులోంచి సన్నగా 'కిచ్' మని వినబడితే చాలు, ఆ తల్లి లోలోపలే దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

బాతు వగలమ్మ ఊగుతూ వచ్చింది.

"వదినా, నా గుడ్లు కూడా కాస్త నీ కింద పెట్టుకోవూ? కాలవలో నానీ నానీ నా పొట్ట ఎప్పుడూ చల్లగానే ఉంటుందాయె. నీ రెక్కలంటే వెచ్చటి దుప్పట్లు!"

గంపలో చోటు లేదు. కాదనడానికి చుక్కమ్మకి నోరూ రాలేదు. "సరేలే, తీసుకురా" అంది. పైగా, ఇంటికొచ్చినవాళ్ళని అంచున కూర్చోబెడతామా అని బాతు గుడ్లని నడుమ పెట్టి, తన గుడ్లని పక్కలకి జరిపింది. మర్నాడు వగలమ్మ ఇంకొన్ని తెచ్చి పెట్టి ఈతకి పోయింది.

ఓ పొద్దున 'కిచ్' వినబడలేదు. చుక్కమ్మ అంచునున్న గుడ్డుకి చెంప ఆనించింది. చల్లగా తగిలింది. ప్రాణం ఉసూరుమంది.

కట్టుకొయ్య దగ్గర నెమరేస్తున్న గేదె ముత్యాలత్త అంతా చూస్తూనే ఉంది.

"ఏమే కోడలా, నీ రెక్క ఎంత?"

"చూస్తున్నావుగా అత్తా, ఇంతే."

"ఇంత రెక్కతో ఊరంతా కప్పుతానంటావేం? అడగొచ్చినదాన్ని దేవుడు పంపాడనుకున్నావు, బానే ఉంది. మరి నీ గుడ్లలో ఉన్నవాళ్ళని ఎవరు పంపారే?"

చుక్కమ్మ తన గుడ్లని నడుమకి లాక్కుంది. పక్కనే గడ్డితో గూడు చేసి, బాతు గుడ్లని పదిలంగా అందులోకి దొర్లించింది.

వగలమ్మ వచ్చి లబోదిబోమంది. "ఇదేం అన్యాయం వదినా!"

"నా రెక్క అందట్లేదు వదినా. అదుగో, గోడ మీద పిల్లి. అది పోయేదాకా నీ గుడ్ల మీద నువ్వే కూర్చో."

వగలమ్మ హడలిపోయి గుడ్ల మీద చతికిలబడింది. ఆ పిల్లి రోజూ పొద్దు వాలేదాకా అక్కడే నిద్రపోతుందని చుక్కమ్మకి తెలుసు. పగలంతా కాలవలో ఉండే వగలమ్మకేం తెలుసు?

"ఇంకా పోలేదా వదినా?"

"లేదు వదినా."

"కాళ్ళు తిమ్మిరెక్కాయే!"

"నాకూ అంతే. అలవాటవుతుందిలే."

పిల్లి ఒళ్ళు విరుచుకుని వెళ్ళాక చుక్కమ్మ మెడ చాచి బాతు గుడ్డుని తాకి చూసింది.

"వెచ్చగా ఉందే! పొట్ట చల్లనన్నావు?"

వగలమ్మ తల రెక్కలో దాచుకుంది. ముత్యాలత్త ఈగలు తోలుకుంటూ, "అయితే దుప్పటి నీకూ ఉందన్నమాట!" అంది.

"నువ్వు స్నానానికి వెళ్ళొచ్చేలోపు పిల్లి వస్తే కేకేస్తాను వదినా. పొదగడం మాత్రం నీదే" అంది చుక్కమ్మ మెత్తగా.

అప్పుడే తన కింద, నడిమి చోట, సన్నగా 'కిచ్' మంది.

సాయం మన రెక్క అందినంత మేరకే. అందని చోట "నా వల్ల కాదు" అనడమూ ధర్మమే.