సగం అప్పడం జెండా

మీ ముత్తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఊరికి మూడు వీధులు. ఏటా ఇసుకలో తిరునాళ్ల జరిగేది. అబ్బో, ఏం తిరునాళ్లండీ! రంగులరాట్నాలు, జీళ్లు, బూరలు, ఎడ్లబండ్ల మీద ఆకాశాన్నంటే ప్రభలు! చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని దిగేవి.

బండికి దిష్టి తగలకూడదని అందరూ ఎర్రగుడ్డ కట్టేవాళ్లు. పిల్లలతో, "తప్పిపోతే ఎర్రగుడ్డ బండి దగ్గరికి వచ్చెయ్" అనేవాళ్లు. ప్రతి బండికీ ఎర్రగుడ్డే! ఇక పిల్లలు ఏ బండికని వస్తారు? ఇంతమంది పెద్దల్లో ఒక్కరి బుర్రకీ ఆ సంగతి తట్టలేదు.

ఒక ఏడాది తిరునాళ్లలో, బొంతలు కుట్టే నాంచారి కొడుకు తప్పిపోయాడు. పసివాడు. చేతిలో సగం తిన్న అప్పడం. ఎర్రగుడ్డలు వెతుక్కుంటూ వెళ్లాడు, మళ్లీ రాలేదు. నాంచారి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఒకనాడు సూది పట్టుకుంది.

"ఈ కడుపుకోత ఇంకో తల్లికి వద్దు" అంది.

పాతచీరల ముక్కలతో బొమ్మల పుస్తకం కుట్టింది. గుడ్డ పేజీలు, గుడ్డ బొమ్మలు. మొదటి పేజీలో బండిచక్రం, నిండు చందమామ, అమ్మ బొట్టు. రెండో పేజీలో గుడిసె కప్పు, వడ్లరాశి, పడవ తెరచాప. మూడో పేజీలో కిటికీ, పీట. పిల్లలు అరుగు మీద మూగేవాళ్లు. నాంచారి వాళ్ల వేళ్లు పట్టుకుని బొమ్మల అంచుల వెంట తిప్పేది.

"ఇదేందిరా?"

"గుండ్రం!"

"ఇదో?"

"మూడు మూలలు!"

"మరి ఇది?"

"నాలుగు మూలలు!"

ఆ అరుపులకి వీధి చివర కోళ్లు కూడా లేచి పరిగెత్తేవి.

ఆఖరి పేజీలో సగం గుండ్రం ఉండేది. అది కనిపిస్తే చాలు, పుల్లమ్మ కూతురు అంకాలు గంతులేసేది. "అప్పడం! ఎవరో సగం తినేశారు!" పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నాంచారీ నవ్వేది, నవ్వుతూనే కళ్లు తుడుచుకునేది. అంకాలుకి మిగతా బొమ్మలేవీ ఎక్కలేదు. చక్రం చూపించినా అప్పడమే, కిటికీ చూపించినా అప్పడమే!

తిరునాళ్ల దగ్గరపడింది. నాంచారి మూడు జెండాలు కుట్టింది. పైవీధికి గుండ్రం, నడివీధికి మూడు మూలలు, కిందివీధికి నాలుగు మూలలు.

"మీ వీధి బండ్లు మీ జెండా కింద విప్పండమ్మా. పిల్లలే వెతుక్కుంటూ వస్తారు" అంది.

పైవీధి నవ్వింది. నడివీధీ నవ్వింది. కిందివీధిలో పుల్లమ్మ మాత్రం కసిరింది.

"నాంచారక్కా, ఉగ్గు తాగే పిల్లలకి ఈ మూలలేందే? నీకేమన్నా మతిపోయిందా?"

"కట్టి చూడు పుల్లమ్మా. పోయేదేముంది?"

ఏం పోతుందో నాంచారికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? కాదనలేక అందరూ కట్టారు. దూరంగా ఒక మూల తన ఖాళీ బండికి నాంచారి నాలుగో జెండా కట్టుకుంది. సగం గుండ్రం.

"అదెవరికే?" అన్నారు.

"మావాడు చూస్తాడేమోనని" అంది.

తిరునాళ్ల నాడు మేళాలు మోగాయి. పెద్ద ప్రభ కదిలింది. ఉన్నట్టుండి ఎడ్లు బెదిరాయి! దుమ్ము లేచింది, జనం చెల్లాచెదురయ్యారు. పుల్లమ్మ చేతిలోంచి అంకాలు చెయ్యి జారిపోయింది.

అప్పుడు చూడాలి ఆ పిల్లల్ని! పెద్దవాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరి, "గుండ్రం! గుండ్రం!" అని కొందరు, "మూడు మూలలు!" అని కొందరు, "నాలుగు మూలలు!" అని కొందరు. ఒకటే పరుగు! తల్లులు వచ్చేసరికి జెండాల కింద పిల్లలు కిలకిలలాడుతున్నారు.

అంకాలు లేదు. నాలుగు మూలల కింద లేదు. మూడు మూలల కింద లేదు. గుండ్రం కిందా లేదు. పుల్లమ్మ ఇసుకలో కూలబడింది.

"నా తల్లికి ఏ బొమ్మా రాదే! ఏది చూపించినా అప్పడం అనేదే..."

అంటూనే ఆగింది. తలెత్తి దూరంగా ఉన్న నాలుగో జెండా చూసింది. లేచి పరిగెత్తింది.

నాంచారి ఒళ్లో అంకాలు కూర్చుని ఉంది. ఒళ్లంతా దుమ్ము, మొహమంతా నవ్వు! "అమ్మా, అప్పడం జెండా దొరికింది!" పక్కన ఎవరో పొరుగూరి పిల్లాడు. దారిలో ఏడుస్తుంటే అంకాలే చెయ్యి పట్టుకుని తెచ్చిందట. పుల్లమ్మ బిడ్డని కావలించుకుంది, తర్వాత నాంచారి కాళ్లు పట్టుకుంది. సాయంత్రానికి ఆ పిల్లాడి తల్లీ వచ్చింది.

నాంచారి కొడుకు మాత్రం రాలేదు. ఆమె బతికినన్నాళ్లూ ఏటా ఆ జెండా కింద కూర్చుంది. ఆమె పోయిన ఏడు, ఎవరూ చెప్పకుండానే పుల్లమ్మ తన బండి తోలుకొచ్చి ఆ జెండా కింద నిలిపింది. నాంచారి కుట్టిన బొంత పరిచింది.

ఇప్పటికీ అక్కడ నాలుగు జెండాలు ఎగురుతాయి. పొరుగూరి పిల్లలెవరైనా తప్పిపోతే, "నాంచారి బండి దగ్గరికి తీసుకుపోండి" అంటారు. బండిలో అప్పడాల బుట్ట ఉంటుంది. ఏడ్చే బిడ్డకి ఒక అప్పడం విరిచి సగం పెడతారు. మిగతా సగం బొంత మీద అలాగే ఉంచుతారు. అది ఎవరూ ముట్టరు. అది నాంచారి కొడుకుది. వాడు వచ్చేసరికి ఆకలి మీద ఉంటాడు కదా!