మాచమ్మకు అందని ప్లగ్గు

అనగనగా ఒక అడవిలో ఒక చిన్న కారు ఉండేది. నవ్వకండి, నిజంగా కారే. దాన్ని తయారుచేసింది గుబురయ్య అనే ఎలుగుబంటి. నడిపేది మాచమ్మ అనే ముంగిస. మాచమ్మ ఆ అడవికి నర్సు. కొండ మీద ఎవరికి జబ్బు చేసినా మందులపెట్టె కార్లో పెట్టుకుని వెళ్ళేది.

ఆ కారు రెండు రకాలుగా నడిచేది. సాయంత్రం ప్లగ్గు పెడితే, వాగు మీద తిరిగే చక్రం నుంచి కరెంటు వచ్చి బ్యాటరీ నిండేది. ఛార్జింగ్ అయిపోతే పెట్రోలుతో నడిచేది. పెట్రోలు సంతరోజునే దొరికేది. అందుకని మాచమ్మ ఒక్క సాయంత్రం కూడా ప్లగ్గు పెట్టడం మరిచేది కాదు.

నాలుగేళ్ళు గడిచాయి. కారు రంగు వెలిసిపోయింది. గుబురయ్య దాన్ని కొత్తగా తీర్చిదిద్దుదామనుకున్నాడు. ఇక చూడండి, సలహాలే సలహాలు! నెమలి వచ్చి నీలం రంగు వెయ్యమంది. వేశాడు. అడవిదున్న వచ్చి సీటు వెడల్పు చెయ్యమన్నాడు. పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గించి సీటు పెంచాడు. ఆఖరికి కొండముచ్చు వచ్చాడు. ప్లగ్గు పెట్టే చోటు పక్కన కనబడుతుంటే అసహ్యంగా ఉందని, కారు కప్పు మీదికి మార్చెయ్యమన్నాడు.

అప్పుడు మాచమ్మ ఒక్కటే అడిగింది.

“మావా, రంగు ఏదైనా సరే. ప్లగ్గు పెట్టే చోటు మాత్రం నాకు అందేట్టు ఉంచు.”

గుబురయ్యకు చిరాకేసింది. “ఇంతమంది బాగుందంటుంటే నీ ఒక్కదానిదే గొడవ. పీట వేసుకో,” అని ప్లగ్గు చోటు కప్పు మీదికే మార్చేశాడు.

పీట వేసుకున్నా అందలేదు. రోజూ తనే పెడతానని కొండముచ్చు మాటిచ్చాడు. మూడు రోజులు పెట్టాడు. నాలుగో రోజు పనసపళ్ళు పండాయని వెళ్ళి ఆ సంగతే మరిచిపోయాడు. గుబురయ్యను అడిగితే, కొండముచ్చు ఉన్నాడుగా అన్నాడు. మాచమ్మ అడిగి అడిగి విసిగిపోయింది. కారు పెట్రోలు మీదే నడిచింది. చూసినవాళ్ళంతా మాత్రం కారు భలే ఉందని మెచ్చుకుంటూనే ఉన్నారు.

సంతకు ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం వేళ, కొండ మీద దుప్పిపిల్లను పాము కరిచిందని కబురొచ్చింది. మాచమ్మ ఉన్న కాస్త పెట్రోలుతోనే బయలుదేరింది. మూడో మలుపులో కారు ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు, బ్యాటరీలో ఛార్జింగ్ లేదు. పాపం, పెట్టె నెత్తిన పెట్టుకుని మిగతా కొండంతా పరుగెత్తింది.

దుప్పిపిల్ల బతికింది. కానీ మందు ఆలస్యమైంది కదా, వెనక కాలు ఒకటి చచ్చుబడిపోయింది.

కొన్నాళ్ళకు ఆ పిల్ల కుంటుకుంటూ గుబురయ్య షెడ్డు ముందునుంచి నీళ్ళకు వెళ్ళింది. గుబురయ్య చేతిలో రెంచీ కింద పెట్టేశాడు. ఏడ్చాడు కూడా. ఆ పూటే మాచమ్మను పిలిపించాడు.

“తప్పు నాదమ్మా. కారు పక్కన నిలబడి చెయ్యి చాపు,” అన్నాడు.

ఆమె చెయ్యి అందినచోట సుద్దముక్కతో గీత గీసి, ప్లగ్గు పెట్టే చోటు అక్కడికి దించాడు. ట్యాంకు మళ్ళీ పెద్దది చేశాడు. అడవిదున్న అలిగాడు. అలగనీ.

ఇప్పుడు ఆ ప్లగ్గు సరిగ్గా పెట్టారో లేదో చూడాలంటే గుబురయ్య మోకాళ్ళ మీద కూర్చోవాలి. రోజూ సాయంత్రం వచ్చి, అలాగే కూర్చుని చూసి వెళుతున్నాడు. దుప్పిపిల్ల మాత్రం ఇంకా కుంటుతూనే ఉంది.

నీతి: ఏ వస్తువు చేసినా, చూసి మెచ్చుకునేవాళ్ళను కాదు, దాన్ని వాడేవాళ్ళను ముందు అడగాలి.