ముందు వరుస సీసాలు

కామేశ్వరి గారికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గరున్న సూపర్‌మార్కెట్‌కి ఆవిడ మేనేజరు. ఆవిడ చేతికింద పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో మంచి హోదాల్లో ఉన్నారు. వాళ్లలో ఆవిడ కూర్చోబెట్టి పాఠం చెప్పగా విన్నవాళ్లు ఒక్కరుంటే ఒట్టు.

నీరజ ఆవిడ దగ్గర టీం లీడర్ శిక్షణలో ఉంది. అంతకుముందు అదే షాపులో బిల్లింగ్ కౌంటర్లో ఉండేది. మాట చురుకు, చెయ్యి చురుకు, కోపం ఆ రెండిటికన్నా చురుకు. శిక్షణ ఆ నెలతో అయిపోతుంది. కామేశ్వరి గారు పేరు పంపితే టీం లీడరు, పంపకపోతే మళ్లీ కౌంటరే. అక్కడి పిల్లలు అప్పటికే "మేడం గారొచ్చారే" అని చాటుగా నవ్వుకుంటున్నారు. తిరిగి వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవడమంటే నీరజకి తల తీసేసినట్టే.

కార్తీక పౌర్ణమికి ముందురోజు పొద్దున్న, షాపు తెరిచిన కాసేపటికి, ఉండబట్టలేక అడిగేసింది.

"మేడం, మంచి టీం లీడర్‌కి గుర్తేంటండీ? నా సెక్షన్లో ఈమధ్య ఒక్క రాక్‌లోనూ ఖాళీ కనపడట్లేదు. అది లేదు, ఇది అయిపోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లే లేరు. ఇంతకన్నా ఏం కావాలండీ?"

"దీపాలకి నువ్వుల నూనె కావాలి మా ఇంటికి," అన్నారు కామేశ్వరి గారు. "రెండు సీసాలు పట్రా. వెనక వరసలోవి తే."

నీరజ హుషారుగా వెళ్లింది. నూనె రాక్ కళకళలాడుతోంది. ముందున్న సీసాని పక్కకి జరిపి చెయ్యి లోపలికి పెట్టింది. చల్లటి రేకు తగిలింది. పక్క సీసా వెనక చూసింది, అక్కడా రేకే. కింది అరలోనూ అంతే. రాక్ మొత్తానికి ఉన్నది ఆ ముందు వరుసే.

ఫేసింగ్ అని ఈ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. సరుకుని అర అంచుకి లాగి వరసగా నిలబెడితే రాక్ నిండుగా కనపడుతుంది. చెయ్యని షాపు లేదు, అందులో తప్పూ లేదు. కానీ నీరజ ఏంచేసేదంటే, నడుచుకుంటూ వెళ్లి, ఎక్కడ ఖాళీ కంటపడితే ఆ సరుకు ఆర్డరు పెట్టేది. నూనె తగ్గినట్టు కంటికి కనపడలేదు, ఆర్డరూ వెళ్లలేదు. తెల్లారితే పౌర్ణమి. ఊళ్లో ఆడవాళ్లంతా మూడువందల అరవై అయిదు వత్తులూ నూనెలో తడిపి వెలిగించే రోజు. గోడౌన్ చూస్తే బెజవాడలో ఉంది, ఇప్పుడు చెప్పినా లారీ ఎల్లుండికి గాని రాదు.

ఆ రాక్ చూసుకునేది దుర్గారావు, యాభై దాటిన మనిషి. పక్కనే అట్టపెట్టెలు విప్పుతున్నాడు.

"దుర్గారావు గారూ! ఏంటండీ ఇది? నూనె అయిపోతుంటే నోరు విప్పరా?"

"విప్పానండి," అన్నాడతను, పెట్టె కింద పెట్టి. "మొన్న శనగపప్పు అయిపోయిందని విప్పితే అందరి ముందూ ఏమన్నారండి? ఖాళీలు చూపించడానికేనా మీకు జీతాలిస్తోంది అన్నారు. అప్పట్నుంచీ ఖాళీ కనపడకుండా సద్దుతున్నామండి. నేనొక్కణ్నే కాదండి, అందరం."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నీరజకి తేలికయ్యేది, ఇంకో నాలుగు దులిపేసేది. నిజంగానే అన్నది మరి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె వాలకం చూసి దుర్గారావుకే జాలేసింది. "కంగారు పడకండమ్మా. మధ్యాహ్నం ఏరియా మేనేజరు గారొస్తారంట కదా, ఆయనేం చెయ్యి పెట్టి చూడరు. ఎవరైనా సీసా తీస్తే ఆ సందులోకి వేరుశెనగ నూనె జరిపేస్తానండి. ఆయన వెళ్లిపోతే మీ గండం గడిచినట్టే."

అబద్ధమెందుకు, ఆ మాట నీరజకి తియ్యగానే తగిలింది. ముందు సీసా ఒకటి పక్కకి జరిపి, వెనకున్న ఖాళీ మళ్లీ చూసింది.

"వద్దండీ," అంది చివరికి. "ఉన్న సీసాలు ఒక మూలకి చేర్చండి. మిగతాది ఖాళీగా వదిలెయ్యండి."

"ఖాళీగానా అండి!"

"ఖాళీగానే."

ఒట్టి చేతులతో కామేశ్వరి గారి దగ్గరికి వెళ్లింది. "నూనె లేదండీ. ఉన్న కాసిని సీసాలూ ఇంకాసేపట్లో అయిపోతాయి. వాళ్లు దాచారు, దాచేలా చేసింది నేను."

ఆవిడ వెంటనే భీమవరం షాపుకి ఫోన్ చేసి నాలుగు పెట్టెలు ఆటోలో పంపమన్నారు. మధ్యాహ్నం వస్తాడనుకున్న ఏరియా మేనేజరు ఆటో కన్నా ముందే దిగాడు. రాక్ ముందు నిలబడి, "పౌర్ణమి పెట్టుకుని నూనె లేదా? ఈ అమ్మాయి పేరేనా మీరు పంపుదామంటున్నది?" అన్నాడు, అందరికీ వినపడేలా. కామేశ్వరి గారు "కాఫీ తాగి వద్దాం పదండి" అని ఆయన్ని బయటికి తీసుకెళ్లారు. నీరజ వెనక గదిలో అట్టపెట్టెల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక కౌంటరే గతి అనుకుంది.

పౌర్ణమి వెళ్లిన మర్నాడు, తలుపులు తియ్యకముందు, అందరినీ పిలిచి, "ఆ రోజు జీతాల మాట అనకూడదండీ. తప్పు నాది," అంది. దుర్గారావు నేల చూశాడు. ఆ తర్వాతా రాక్‌లు నిండుగానే కనపడుతున్నాయి, నీరజే ప్రతి సీసా వెనకా చెయ్యి పెట్టి చూసుకుంటోంది. ఒకసారి భయపడ్డవాళ్లు అంత తొందరగా నమ్ముతారా?

నెలాఖరు ఆదివారం, షాపు కిటకిటలాడుతుండగా, దుర్గారావు వచ్చి కాస్త దూరంలో ఆగాడు.

"అమ్మా, సేమియా అయిపోవచ్చిందండి. ఇంకో సంగతండి... నిన్న ఒక పెట్టె నా చేతిలోంచే జారిందండి. పాకెట్లన్నీ నలిగిపోయాయి. వెనక దాచానండి."

నీరజ నోరు పాత అలవాటుకొద్దీ తెరుచుకుంది. దుర్గారావు తిట్లకి సిద్ధపడి కళ్లు దించుకున్నాడు. ఆమె రాబోయిన మాట ఆపుకుని, "చెప్పి మంచిపని చేశారండీ. ముందు సేమియా ఆర్డరు పెడదాం, తర్వాత అవేంటో చూద్దాం పదండి," అంది.

పక్క వరసలో సబ్బులు చూస్తున్న కామేశ్వరి గారు తల కూడా తిప్పలేదు.

"నీరజా, గుర్తేంటని అడిగావు కదూ? ఆ నలిగిన పాకెట్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టు. నీ పేరు పంపాలి."