ముళ్ళపంది అవ్వ పిలుపు

అనగనగా ఒక అడవిలో, మిట్టమధ్యాహ్నం కూడా పొద్దుగూకినట్టే ఉండే ఒక లోయ ఉండేది పిల్లలూ. అక్కడ మంచు ఆకాశం నుంచి దిగేది కాదు, నేలలోంచి లేచేది. ఆ లోయ అంచున ఒక ముసలి మద్దిచెట్టు. దాని వేళ్ళ కింద ఒక బొరియ. ఆ బొరియ తవ్వింది ఒక ముళ్ళపంది అవ్వ. అవ్వ చచ్చిపోయి చాలాకాలమైంది. ఇల్లు మాత్రం అలాగే ఉండిపోయింది, ఎవరి కోసమో నోరు తెరుచుకుని.

తొలకరి రోజుల్లో ఆ ఇంట్లోకి ముంగిసల జంట ఒకటి వచ్చింది. ఆడముంగిస పేరు కెంపి, దాని మొగుడు బూదడు. వాళ్ళకొక ఆడకూన, పేరు బుడిగి.

ఇల్లు చూడగానే కెంపి మనసు పారేసుకుంది.

"బావా, చూడు! గడప చుట్టూ నాచు పట్టుపరుపులా ఎలా పరుచుకుందో! ఇంక నేను ఎక్కడికీ రాను."

"నాచు పట్టిందంటే ఇక్కడ నీళ్ళు నిలుస్తున్నాయేమో కెంపీ," అన్నాడు బూదడు.

"నీకు అందమంటే తెలీదు," అని కెంపి మూతి ముడుచుకుంది. బూదడు నవ్వేశాడు.

మొదటి సాయంత్రం గాలి లేచింది. ఇంటి పైభాగాన, గోడలో ఉన్న ఒక చిల్లులోంచి చప్పుడు వచ్చింది.

"హూ... హూఊ..."

కెంపికి ఒళ్ళు జల్లుమంది. అచ్చం ఎవరో ముసలమ్మ దూరం నుంచి పిలిచినట్టే ఉంది. పక్క బండకింద ఉండే ఉడుము పిన్ని దగ్గరికి పరుగెత్తింది.

"పిన్నీ, మా ఇంట్లో ఎవరో ఏడుస్తున్నారు!"

ఉడుము పిన్ని చీలిన నాలుకను బయటికీ లోపలికీ ఆడించింది. "ఎవరో ఏమిటే పిచ్చిదానా, అవ్వే! చచ్చినా దానికి ఇంటి మీద ఆశ చావలేదు. నువ్వు పలికావా?"

"లేదు పిన్నీ."

"బతికించావు. ఇల్లు పిలిస్తే పలకకూడదు. పలికావో, నీ గొంతు లాగేసుకుంటుంది. వేపాకు నూరి బంకమట్టిలో కలుపు. ఆ చిల్లుకి నోరు కట్టెయ్."

ఆ లోయలో బొరియల వాళ్ళందరికీ అదే ఆచారం. ఇంట్లో ఏ మూల చప్పుడైనా అక్కడ వేపమట్టి కుక్కి నోరు కట్టేవాళ్ళు. కెంపీ అలాగే చేసింది. "హూ" ఆగిపోయింది.

కొన్నాళ్ళకు ముసురు పట్టింది. ఇంటి వెనక మూల నుంచి కొత్త చప్పుడు.

"టప్... టప్... టప్..."

"పిన్నీ, అవ్వ ఇంట్లో నడుస్తోంది!"

"నడవనీ. దాని దారిలో గడ్డి పరిచెయ్. అడుగు వినబడకపోతే అడుగే లేనట్టు."

కెంపి ఆ మూల ఎండుగడ్డి గుట్టగా పోసింది. "టప్" ఆగిపోయింది.

తర్వాత ఇంటికప్పు వంతు వచ్చింది. కప్పును మోస్తున్న లావుపాటి వేరులోంచి చప్పుడు.

"కర్... కర్... కర్..."

"అవ్వ పళ్ళు నూరుతోంది పిన్నీ!"

"అదీ కట్టెయ్యవే. ఇంకా అడుగుతావేం?"

"ఒకసారి గీకి చూద్దామే," అన్నాడు బూదడు.

"గీకితే అవ్వకి కోపం వస్తుంది బావా," అంది కెంపి. ఆ వేరంతా ఎర్రమట్టితో మెత్తేసింది. దాని మీద తెల్లసుద్దతో పూలతీగలు గీసింది. ఇల్లు పెళ్ళికూతురిలా తయారైంది. "కర్" కూడా ఆగిపోయింది.

ఇక ఇంట్లో ఒక్క చప్పుడు లేదు.

అలాంటి నిశ్శబ్దం మంచిది కాదు పిల్లలూ. ఊపిరి బిగబట్టి ఎవరో పక్కనే నిలబడితే ఎలా ఉంటుంది? అలా ఉండేది ఆ ఇల్లు. గాలి కదిలేది కాదు. ముక్కిన వాసన పక్కలోకి, బొచ్చులోకి ఎక్కేసింది. గోడల మీద తెల్లగా బూజు, వేళ్ళు చాపినట్టు రోజురోజుకీ పాకుతోంది. సుద్దపూల కింద తడిమరకలు ముఖాల్లా కనబడేవి. కెంపి వాటివైపు చూడకుండా పడుకునేది.

బుడిగి తిండి మానేసింది. ఆడటం మానేసింది.

ఒక ముసురు మధ్యాహ్నం బూదడు వేటకి వెళ్ళాడు. కెంపి కూన పక్కన కూర్చుంది. అప్పుడు వినబడింది.

"హూ... హూఊ..."

కెంపి ఉలిక్కిపడి పైకి చూసింది. చిల్లుకి కట్టిన మట్టి కట్టినట్టే ఉంది. మళ్ళీ వినబడింది. పైనుంచి కాదు. చాలా దగ్గర నుంచి. కెంపి మెల్లగా వంగింది. ఆ చప్పుడు బుడిగి గుండెల్లోంచి వస్తోంది.

"టప్..." కూన ముక్కులోంచి కారిన చుక్క, కింద ఎండుటాకు మీద పడింది.

"కర్... కర్..." చలికి కూన పళ్ళు కొట్టుకుంటున్నాయి.

తను కట్టేసిన మూడు చప్పుళ్ళూ తన బిడ్డలోంచే వస్తున్నాయి! కెంపి వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పిన్నీ!" అని కేక పెట్టింది.

ఉడుము పిన్ని వాకిట్లోకి వచ్చి తొంగి చూసింది. నోట్లో వేపమట్టి ముద్ద ఉంది. దాన్ని గడప మీద పెట్టి, గుసగుసగా అంది: "అయ్యో తల్లీ, అవ్వ కూనలో దూరింది. ఇంకేం చూస్తావు? దీనికి కూడా నోరు కట్టెయ్."

కెంపి ఆ మట్టిముద్ద వంక చూసింది. రొప్పుతున్న బుడిగి చిన్ని నోటి వంక చూసింది.

"నోరు కడితే నా బిడ్డ ఊపిరెలా తీస్తుంది పిన్నీ?"

ఆ మాట అన్నాక కెంపి తనే ఆగిపోయింది. తల తిప్పి గోడ వంక చూసింది. ఆ చిల్లు వంక చూసింది.

"ఇల్లు మాత్రం... ఎలా తీస్తుంది?"

"ఏమంటున్నావే?"

కెంపి లేచి నిలబడి, గొంతంతా పెట్టి పిలిచింది. "ఓయ్ అవ్వా! పలికాను. ఏం కావాలో చెప్పు!"

"పలికేసింది రో!" అంటూ ఉడుము పిన్ని తోక ఈడ్చుకుంటూ పారిపోయింది.

కెంపి గొంతు ఎక్కడికీ పోలేదు. గోడకు ఎగబాకి వేపమట్టిని గోళ్ళతో పెరికేసింది. చల్లటి గాలి జివ్వున లోపలికి దూకింది. "హూఊ..." అంది చిల్లు. బుడిగి నోరు పెద్దగా తెరిచి గుక్కెడు గాలి మింగింది.

తర్వాత కెంపి గడ్డిగుట్ట లాగింది. అడుగంతా నల్లగా కుళ్ళి పురుగులు కదులుతున్నాయి. వెనక గోడ పెరుగులా మెత్తబడింది. ఇక మిగిలింది కప్పు. సుద్దపూల మీద ఒక్క గీకు గీకింది. వేరు ఉండాల్సిన చోట వేరు లేదు. పొట్టు ఉంది. పొట్టులోంచి చెదపురుగులు తెల్లగా జలజలా రాలాయి.

కెంపి ముక్కు మీద చిటికెడు మట్టి పడింది. ఇంకాస్త పడింది.

కూనను నోట కరుచుకుని వాకిలి వైపు దూకబోయింది. అంతలోనే వాకిలి పక్క కప్పు ధబ్బున కూలింది. చీకటి. ఎటు చూసినా మట్టే. ఆ చీకట్లో "హూ... హూఊ..." అని పిలుపు వినబడింది.

ఈసారి కెంపి భయపడలేదు. కూనను వదలకుండా పిలుపు వచ్చిన వైపే పాకి, పైనున్న చిల్లులోకి దూరింది. చిల్లు లోపలికి పోయేకొద్దీ వెడల్పైంది. అది చిల్లు కాదు, దారి! వాన పడకుండా, గాలి ఆడేలా ఏటవాలుగా తవ్విన దారి. పక్కల పొడుగునా అవ్వ గోళ్ళ గీతలు పాదాలకు తగులుతున్నాయి, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు. దారి చివర, రాతి సందులో, పాత ముళ్ళపంది ముల్లు ఒకటి. లోపల బోలుగా ఉంది. గాలి తగిలినప్పుడల్లా అదే పాడుతోంది. అవ్వ కావాలనే పెట్టిందో, ఊడి పడిందో, ఆ చెట్టుకే తెలియాలి.

కెంపి ఆ సందులోంచి బయటపడి చూస్తే, కింద బూదడు కూలిన వాకిలి దగ్గర మట్టి తవ్వుతూ ఏడుస్తున్నాడు. "కెంపీ! కెంపీ!"

"ఓయ్! ఇక్కడున్నాం బావా, పైన!"

బూదడు పరుగున వచ్చి కూననూ తల్లినీ కలిపి పొదువుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నాచు సంగతి నేను ముందే..."

"చెప్పావులే," అంది కెంపి, ఏడుస్తూ నవ్వుతూ.

వాన వెలిశాక ఇద్దరూ ఇల్లు బాగుచేశారు. నాచు గీకితే దాని కింద ఇంటి చుట్టూ అవ్వ తవ్విన కాలవ బయటపడింది. ఆకులు నిండి పూడిపోయిన ఆ కాలవ నీళ్ళే గోడలోకి దిగి టప్ టప్‌మన్నాయి. కాలవ తోడారు. చెదపట్టిన వేరు తీసేసి, గదిని గట్టి బండ కిందికి జరిపి తవ్వారు. పరుపుగడ్డి ఎండలో వేశారు. వాకిలి, పైదారి, రెండూ అడ్డం లేకుండా ఉంచారు. బుడిగి నెమ్మదిగా కోలుకుంది.

ఒకరోజు ఉడుము పిన్ని దూరం నుంచే మెడ చాచింది. "గొంతు ఉందిటే ఇంకా?"

"ఉంది పిన్నీ, నీతో దెబ్బలాడటానికి సరిపడా. రా, మీ ఇంట్లో కట్టిన నోళ్ళు విప్పి చూద్దాం."

ఆ సాయంత్రం నేలలోంచి మళ్ళీ మంచు లేచింది. గాలి వీచింది.

"హూ... హూఊ..."

బుడిగి చెవులు రిక్కించింది. "అమ్మా, అవ్వ పిలుస్తోంది."

"పలకవే మరి."

బుడిగి మెడ ఎత్తి అరిచింది. "ఓయ్ అవ్వా! అంతా బాగుందా?"

ఇల్లు హాయిగా ఊపిరి తీసుకుంది.

నీతి: ఇంట్లో వినబడే చప్పుడును కప్పిపెడితే జబ్బు మనింటికొస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో వెంటనే వెళ్ళి చూసి బాగుచేసుకుంటే, ఆ ఇల్లే మనల్ని కాపాడుతుంది.