తాడు లాగితే వచ్చే వెలుగు

కోనాపురమని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రణకేసరి మహారాజుకి పగటి దివిటీలంటే మహా మోజు. పట్టపగలు దీపాలు వెలిగించుకునే మర్యాద రాజులకే చెల్లుతుంది కదా! అయితే ఎండలో దీపాల వెలుగు కంటికి ఆనదు. అందుకని కొలువుకూటం కిటికీలన్నీ మూయించేశాడు మహానుభావుడు.

లోపల ఎటు చూసినా దీపాలు, పొగ, ఉక్క. మంత్రులు కూర్చున్నచోటే జోగుతూ, కలలో ఉన్నట్టు తలలూపేవారు. ఊళ్ళో నూనె అంతా కోటకే చేరేది. పొద్దు వాలితే ఇళ్ళల్లో కటిక చీకటి.

విదూషకుడు తిప్పన కూతురు అక్కమ్మకి నెలలు నిండాయి. పురిటిగదిలో దీపం పెట్టడానికి చుక్క నూనె లేదు. తండ్రి ప్రాణం ఊరుకుంటుందా? కొలువులో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, కిటికీలు తెరిపించండి. వెలుగు ఊరికే వస్తుంది. నూనె జనానికి మిగులుతుంది."

రాజు మీసం దువ్వాడు. "సూర్యుడా? పిలవని పేరంటానికి వచ్చే రకం! నా మాట వినని వెలుగు నా కొలువులోకి రాకూడదు."

"వినేట్టు చేస్తే?"

"నూనె అంతా ఊరి జనానికే వదిలేస్తాను. చెయ్యలేకపోయావో, నీ ఇంట్లో ఎప్పటికీ చీకటే."

తిప్పన కిటికీల తలుపులు తీయించి, అడ్డంగా ఈతచాపలు కట్టించి, వాటి తాళ్ళన్నీ ఒకటిగా పేనించి సింహాసనం దగ్గరికి తెప్పించాడు. కిటికీ గట్లకి తెల్లసున్నం వేయించాడు. మర్నాడు దీపాలన్నీ ఆర్పించి, "లాగండి ప్రభూ" అన్నాడు.

రాజు లాగాడు. చాపలు మెల్లగా లేచాయి. ఎండ సున్నం మీద పడి, మెత్తబడి, పైకప్పుకి ఎగబాకి, పాలనురుగులా కూటమంతా జారింది. మంత్రులు ఎన్నాళ్ళకో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాడు వదిలితే వెలుగు తగ్గేది, లాగితే పెరిగేది. మబ్బు కమ్మినప్పుడు తిప్పన మూలనున్న ఒక్క దీపం వెలిగించి, మబ్బు విడగానే ఆర్పేశాడు. రాజు లోకం మరిచి, ఉయ్యాల ఊపే తల్లిలా తాడు పట్టుకుని కూర్చున్నాడు. ఎంత హాయి ఆ పూట!

పొద్దుగూకింది. రాజు తాడు లాగాడు. వెలుగు రాలేదు.

"ధిక్కారం!" అని గర్జించాడు.

"సూర్యుడు పగలంతా ఊడిగం చేశాడు ప్రభూ. ఇక ఇంటికి పోనివ్వరా?"

రాజుకి అప్పుడు తెలిసొచ్చింది. "ఓరి గడుగ్గాయీ! ఈ తాడుకి సూర్యుణ్ణి కట్టావా, నన్ను కట్టావా?"

"సూర్యుడు తాళ్ళకి లొంగడు ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు. అంతలో తిప్పన ఇంటి నుంచి మనిషి పరుగున వచ్చి, అక్కమ్మ ప్రసవించిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ చెప్పాడు.

"తాతవయ్యావోయ్! మనవడా, మనవరాలా?" అన్నాడు రాజు.

వచ్చినవాడు తిప్పన వైపు తిరిగాడు. తిప్పనే జవాబు చెప్పాడు. "ఇంట్లో దీపం లేదు ప్రభూ. తెల్లారితే గాని తెలియదు."

రాజు నవ్వు సగంలో ఆగిపోయింది. మూలనున్న దీపం వెలిగించి, తనే చేత పట్టుకుని, చీకటి వీధుల్లో తిప్పన వెంట నడిచాడు. మంత్రసాని దాన్ని అందుకుని లోపలికి వెళ్ళి, "మనవరాలు పుట్టిందయ్యా!" అని కేకేసింది.

గడప బయట నిలబడ్డ రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో దర్పం లేదు. తన మెడలో హారం తీసి తిప్పన చేతిలో పెట్టి, భటులతో అన్నాడు:

"కోటలో నూనె కుండలన్నీ ఇంటింటికీ పంచండి. ఈ పిల్లకి మన ఊరు కనబడాలి."