రాజమాత రాతి కొంగు

అనగనగా... ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు అమ్మ ఒళ్ళో తల పెట్టుకోండి. అనగనగా కనకవీడు అనే పాత రాజధాని ఉండేది.

ఆ నగరానికి ఒక ఆచారం ఉంది. ఎవరి దగ్గరైనా సెలవు తీసుకునేటప్పుడు చటుక్కున వెనుదిరిగి పోకూడదు. ఎదుటివారి ముఖం చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటాకే తిరగాలి. వీపు చూపించడమంటే 'నువ్వు నాకు అక్కర్లేదు' అని చెప్పినట్టే. అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్లలు అలాగే వెళ్ళేవారు. అలిగి వెళ్ళే అల్లుళ్ళు కూడా అలాగే వెళ్ళేవారు. వెనక్కి నడుస్తూ నీళ్ళ తొట్టిలో పడ్డ అల్లుళ్ళూ ఉన్నారు!

ఆ కనకవీటిని గోకర్ణరాజు ఏలేవాడు. ఆయన తల్లి లక్కమదేవి. కరువు వచ్చినప్పుడు ఆమె కోట గాదెలు తెరిపించి, అంబలి కాయించి, తానే కుండ ఎత్తుకుని వీధి వీధీ తిరిగి పోసిన తల్లి. ఆమె కాలం చేశాక రాజుకు ఒకటే ఆరాటం. తన పిల్లలు నాయనమ్మను చూడలేదు. ఆమె ఎలాంటిదో వాళ్ళకు తెలియకుండా పోతుందేమో! అందుకని నగరం నడిబొడ్డున, కోట బురుజంత ఎత్తున, ఆమె విగ్రహం నిలబెట్టాలనుకున్నాడు.

మల్లోజు అనే శిల్పి విగ్రహం చెక్కాడు. కాటుక అనే ఆడ ఏనుగు దాన్ని లాక్కొచ్చి నిలబెట్టింది. పొద్దు పొడిచే దిక్కు మంచిదని ముఖం తూర్పుకు పెట్టారు.

అంతే, పడమటి వాడ భగ్గుమంది. అక్కడ ఉండేది కుండలు చేసేవాళ్ళు. వాళ్ళ పెద్ద వీరమ్మ నేరుగా కోటకు వచ్చింది.

"కరువులో మా గుడిసెలకు రాలేదా ఆ తల్లి? ఇవాళ మాకు వీపు చూపించి నిలబడిందేం ప్రభూ? మేం పనికిరాని వాళ్ళమైపోయామా?" అని నిలదీసింది.

కుండలు కాల్చే ఆవాలు చల్లారిపోయాయి. ఊళ్ళో కొత్త కుండ దొరకలేదు. రాజు కాటుకను పిలిపించి విగ్రహాన్ని పడమటికి తిప్పించాడు.

ఈసారి తూర్పు వాడలో మగ్గాలు ఆగాయి. నేతగాళ్ళ పెద్ద పద్దయ్య మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"బాగుంది ప్రభూ! ఆవం పొగంతా ముఖాన కొట్టించుకోవాలని ముచ్చటపడ్డారు కాబోలు రాజమాత! మా చీరలు కట్టుకున్న తల్లి మాకే వీపు చూపిస్తుందనుకోలేదు."

ఆ వాడ వాళ్ళు ఈ వాడ బావి నీళ్ళు తాగడం మానేశారు. ఈ వాడ వాళ్ళు ఆ వాడ పెళ్ళికి పోవడం మానేశారు.

అప్పుడు మంత్రి నాగసోముడు ఒక ఉపాయం చెప్పాడు. "ప్రభూ, రెండు ముఖాలు పెట్టిద్దాం. ఎవరి ముఖం వారికి ఉంటుంది. ఇక గొడవేముంది?"

మల్లోజు మైనంతో చిన్న బొమ్మ చేసి తెచ్చాడు. రాజు సంబరంగా తన చిన్న కూతురు వకుళను పిలిచి చూపించాడు. ఆ పిల్ల ఒక్కసారి చూసి, తండ్రి పంచె చాటుకు వెళ్ళిపోయింది.

"నాన్నగారూ, నాయనమ్మ ఇలాగే ఉండేదా? నాకు భయమేస్తోంది."

రాజు మైనపు బొమ్మను పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు: "వద్దు మంత్రివర్యా. అమ్మ పేరు మీద నా ఊరు రెండు కాకూడదు. విగ్రహాన్ని పడగొట్టించండి. రాళ్ళు బాటకు పరిపించండి."

మర్నాడు కాటుక వచ్చింది. దాని వెనకే దాని గున్న వచ్చింది. తాళ్ళు కట్టారు. మావటివాడు అదిలించాడు. కాటుక కదిలితేనా!

"ఏమిటే కాటుకా, నువ్వూ అలిగావా?" అన్నాడు రాజు.

"అలకా పాడా! ఇటు తిప్పమన్నారు, తిప్పాను. అటు తిప్పమన్నారు, తిప్పాను. ఇప్పుడు పడగొట్టమంటున్నారు. ఇంతకీ ఈ తల్లి చేసిన తప్పేమిటి ప్రభూ?"

"తప్పు కాదు కాటుకా, వీపు. అమ్మ ఎటు తిరిగినా ఎవరో ఒకరికి వీపే కనబడుతోంది."

కాటుక తొండం ఊపుతూ నవ్వింది. "నా గున్నను చూడండి. పుట్టినప్పటి నుంచీ నా వెనకే నడుస్తోంది. దానికి పొద్దస్తమానం కనబడేది నా వీపూ నా తోకా! ఆ తోక పట్టుకునే అడవి చూసింది, ఏరు దాటింది. అమ్మ నన్ను వద్దనుకుందని ఒక్కనాడైనా ఏడవలేదు. మరి మీరు ఏనాడూ మీ అమ్మ వెనక నడవలేదా ప్రభూ?"

రాజుకు కరువు నాటి వీధి గుర్తొచ్చింది. మండుటెండ, ఒకరినొకరు తోసుకునే జనం. ముందు అంబలి కుండతో అమ్మ. వెనక, ఆమె కొంగు పిడికిట బిగించుకుని చిన్న గోకర్ణుడు. ఆనాటి అమ్మ ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. చెమటకు తడిసిన ఆమె వీపు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. ఆ కొంగు చేతిలో ఉన్నంతసేపూ తప్పిపోతానన్న భయమే కలగలేదు.

ఆయన విగ్రహం వెనక్కి, తూర్పు వైపుకు వెళ్ళాడు. అక్కడ రాయి మొరటుగా, దిమ్మలాగా ఉండిపోయింది. చెక్కనే లేదు.

మల్లోజు తల గోక్కున్నాడు. "వెనక ఎవరు చూస్తారులే అని, ప్రభూ..."

"నేను చూశాను మల్లోజూ. నేను చూసింది అదే. ఇక్కడ కొంగు చెక్కు. పిల్లల చేతికి అందేలా కిందిదాకా చెక్కు."

మంత్రి రాజు చెవిలో గొణిగాడు. "ప్రభువులు తల్లి కొంగు పట్టుకు తిరిగారని తెలిస్తే జనంలో చులకనైపోరూ?"

"కానివ్వండి!" అన్నాడు రాజు.

కొంగు పూర్తయ్యాక రెండు వాడలనూ పిలిపించి, ఆ కరువు నాటి సంగతి దాచకుండా చెప్పాడు. ఇంతలో వకుళ పరుగెత్తి వెళ్ళి రాతి కొంగు పట్టుకుంది.

"పద నాయనమ్మా, నేనూ వస్తా!"

జనమంతా ఘొల్లుమని నవ్వారు. పద్దయ్య విగ్రహం దగ్గరకు వెళ్ళి కొంగు మీద చెయ్యి వేశాడు. వేళ్ళతో అంచు తడిమాడు. "ఇది మా వాడ నేతే!" అన్నాడు.

అప్పుడు వీరమ్మ ముందుకొచ్చింది. "ఇదేం న్యాయం ప్రభూ? ముఖం మాకిచ్చి కొంగు వాళ్ళకిస్తారా? మా పిల్లలేం పాపం చేశారు?"

"మళ్ళీ తిప్పాలా!" అని కాటుక నిట్టూర్చింది.

"నీకా శ్రమ వద్దులేవే తల్లీ," అంది వీరమ్మ. "మేమే చుట్టూ తిరిగి వస్తాం." అంటూ మనవడి చెయ్యి పట్టుకుని తూర్పు వాడలోకి నడిచింది. పద్దయ్య పక్కకు జరిగి వాళ్ళకు చోటిచ్చాడు.

పిల్లలూ, మన ముందు నడిచే అమ్మ ముఖం మనకు కనబడకపోవచ్చు గానీ, ఆమె నడిచేది మన కోసమే. అందుకే ప్రేమను, ముఖం ఎటు తిరిగిందో చూసి కొలవకూడదు.